కళ్లకు గంతలు కట్టింది ఎవరు? 1494 నాటి ‘మూర్ఖుల ఓడ’లోని న్యాయదేవత బొమ్మపై చర్చ

నల్లసిరా:

సుప్రీంకోర్టు న్యాయమూర్తుల గ్రంథాలయంలో పెట్టిన కొత్త న్యాయదేవత విగ్రహం 2024 అక్టోబరులో వార్తల్లోకి వచ్చినప్పుడు, ఆమె కళ్లకు గంతలు లేకపోవడం గురించీ, కత్తి ఉండవలసిన చేతిలో రాజ్యాంగ గ్రంథం ఉండడం గురించీ మన ఇళ్లలో కూడా మాటలు నడిచాయి. గంతలంటే నిష్పాక్షికత అనీ, ఎదుట నిలబడినవాడు ధనికుడా పేదవాడా అని చూడకుండా తీర్పు చెప్పడమనీ మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. అయితే యూరప్ చిత్రకళలో ఆ గంతలు కనిపించిన తొలి సందర్భాలలో ఒకటి పొగడ్తగా రాలేదు, నిందగా వచ్చింది. ఆ బొమ్మ ఎవరిని నిందిస్తున్నదో తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1494 ఫిబ్రవరిలో, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు వచ్చే కార్నివాల్ వేళ, బాసెల్ నగరంలో యోహాన్ బెర్గ్‌మన్ అనే ముద్రాపకుడు ‘దాస్ నారెన్‌షిఫ్’, అంటే ‘మూర్ఖుల ఓడ’ అనే జర్మన్ పద్యగ్రంథాన్ని అచ్చువేశాడు. దానిని రాసిన సెబాస్టియన్ బ్రాంట్ స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి, బాసెల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించినవాడు. ఆ గ్రంథంలో 112 అధ్యాయాలు ఉన్నాయి. ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క రకం మూర్ఖత్వాన్ని ఎత్తిచూపుతుంది. దాదాపు ప్రతి అధ్యాయానికీ తలమానికంగా ఒక కొయ్య అచ్చు బొమ్మ ఉంటుంది. తగవులాడడం, కోర్టుకెక్కడం అనేది 71వ అధ్యాయానికి విషయం. అక్కడి బొమ్మలో న్యాయదేవత కత్తీ త్రాసూ పట్టుకుని కూర్చుని ఉంటుంది. గాడిద చెవుల టోపీ పెట్టుకున్న మూర్ఖుడు ఒకడు వెనకనుంచి ఆమె కళ్లకు గుడ్డ కడుతుంటాడు.

ఈ బొమ్మ ముఖ్యంగా న్యాయస్థానాన్నే వేలెత్తి చూపుతున్నదని నా వాదం. పద్యం సంగతి పక్కన పెట్టి బొమ్మను మాత్రమే చూసినవాడికి కనిపించేది ఒక్కటే: కత్తి పట్టిన చేయి కత్తి పట్టుకునే ఉంది, చూపు మాత్రం పోయింది. 13 ఏళ్ల తరువాత, 1507లో, బాంబెర్గ్ సంస్థానంలో అచ్చయిన నేరవిచారణ స్మృతిలో ఇదే భావం మరింత బాహాటంగా వచ్చింది. అక్కడ న్యాయపీఠం మీద వరుసగా కూర్చున్న న్యాయనిర్ణేతలందరికీ మూర్ఖుల టోపీలు ఉన్నాయి, కళ్లకు గంతలూ ఉన్నాయి. ధర్మానికి విరుద్ధమైన చెడ్డ ఆచారాన్ని పట్టుకుని తీర్పులు చెప్పడమే ఈ గుడ్డి మూర్ఖుల బతుకు అని ఆ బొమ్మతో ఉన్న పద్యం అంటుంది. సాక్షాత్తూ ఒక చట్టగ్రంథమే ఈ బొమ్మను ఇలా చదివినప్పుడు మనం మరోలా చదవడానికి ఏమిటి ఆధారం?

పాతప్లీడరు:

నల్లసిరా గారు, పద్యాన్ని పక్కన పెట్టమన్నారు. నేను సరిగ్గా అక్కడే అభ్యంతరం చెబుతున్నాను. ఆ బొమ్మకు పైన మూడు పంక్తుల సూక్తి ఒకటి అచ్చయి ఉంది. పిల్లల్లా ఎప్పుడూ తగవులాడుతూ, సత్యాన్ని గుడ్డిదాన్ని చేయగలననుకునేవాడు తానే ముళ్ల మీద పడతాడని దాని సారాంశం. కళ్లు కట్టాలని చూస్తున్నవాడు వ్యాజ్యగాడు. న్యాయదేవత ఇక్కడ బాధితురాలే గాని దోషి కాదు.

తరువాతి పద్యం ఇంకా స్పష్టంగా ఉంటుంది. చిన్న తగవుకు కూడా రాజీ ఒప్పుకోని మనిషి, వ్యాజ్యాన్ని సాగదీసి ఎదుటివాడిని అలసిపోయేలా చేయవచ్చునని లెక్క వేస్తాడు. దూరదేశాలనుంచి ఖరీదైన వాదకులను పిలిపించుకుంటాడు. వారు విషయాన్ని వంకరలు తిప్పి, మాటల ప్రవాహంతో న్యాయమూర్తిని మోసగిస్తారు. ఒక్కరోజులో తేలవలసిన విచారణకు వాయిదా మీద వాయిదా పడుతుంది, దినభత్యాలు పెరుగుతాయి, చివరికి దావా వేసిన సొమ్ము కంటే దావాకు పెట్టిన ఖర్చే ఎక్కువవుతుంది. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పల్లెల్లో అనే మాట బ్రాంట్ పద్యానికి వ్యాఖ్యానంలా సరిపోతుంది. జిల్లా కోర్టులో ఎన్నో ఏళ్లు గట్టు తగాదాలూ పంపకాల దావాలూ నడిపిన నాకు ఈ పద్యంలో కొత్తగా అనిపించిన పంక్తి ఒక్కటీ లేదు. వరి చేను గట్టు కోసం చేనునే అమ్ముకున్నవారిని చూశాను. వారి కోపం పక్క రైతు మీద మొదలై, ఆ తరువాత సత్యం మీదికే మళ్లేది. అబద్ధపు సాక్షిని తెచ్చిపెట్టమని నన్నే అడిగినవారు ఉన్నారు.

బ్రాంట్ ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. ఆయన 1489లో చర్చి న్యాయంలోనూ రోమన్ న్యాయంలోనూ పట్టా పొందిన డాక్టరు. 1501లో స్ట్రాస్‌బర్గ్‌కు తిరిగి వెళ్లి, మొదట నగరానికి న్యాయ సలహాదారుగానూ తరువాత నగర కార్యదర్శిగానూ చనిపోయేవరకు పనిచేశాడు. లాటిన్ రాని గ్రామాధికారులకూ పట్టణ న్యాయనిర్ణేతలకూ చట్టం తెలియాలని జర్మన్‌లో వచ్చిన ‘లాయెన్‌స్పీగెల్’ అనే న్యాయగ్రంథానికి 1509లో ముందుమాట రాశాడు. 1516లో ‘క్లాగ్‌స్పీగెల్’ అనే మరో పాత న్యాయగ్రంథాన్ని పరిష్కరించి ప్రకటించాడు. న్యాయం మీద ఇంత నమ్మకం ఉన్న మనిషి న్యాయదేవతనే మూర్ఖురాలిగా చూపించాడనడం ఆయన జీవితానికి పొసగదు.

చిత్రరేఖ:

ఇద్దరి మాటల్లోనూ సగం సగం నాకు నచ్చింది గాని, బొమ్మను చదివే పద్ధతి గురించి ముందు కొంత చెప్పాలి.

ఈ పుస్తకంలోని బొమ్మలకు ఒక లిపి ఉంది. గాడిద చెవులు, గజ్జెలు ఉన్న టోపీ ఆ లిపిలో మొదటి అక్షరం. ఆ టోపీ ఎవరి తల మీద ఉంటే, లేదా ఎవరి తల వెనక వేలాడుతూ ఉంటే, తప్పు వారిది. మొదటి అధ్యాయంలో పండితుడు కళ్లద్దాలు పెట్టుకుని, చుట్టూ పుస్తకాలు పేర్చుకుని, చేతిలో ఈగలు తోలే కుంచె పట్టుకుని కూర్చుంటాడు. పుస్తకాలను చదవడు, వాటి మీద ఈగ వాలకుండా కాపాడతాడు. పుస్తకాలు చదివేవారి కోసం రాసిన పుస్తకం మొదట ఎగతాళి చేసింది పుస్తకాలు పోగుచేసేవారిని. ఈ మొదటి దెబ్బలోని ధైర్యం నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యం కలిగిస్తుంది. పదమూడవ అధ్యాయంలో రెక్కలున్న వీనస్ మూర్ఖులనూ, ఒక సన్న్యాసినీ, గాడిదనూ, కోతినీ తాళ్లతో కట్టి పట్టుకుంటుంది. పక్కన కళ్లకు గంతలున్న మన్మథుడు బాణం ఎక్కుపెడతాడు. వెనకనుంచి మృత్యువు అస్థిపంజరంగా తొంగిచూస్తుంది. ముప్ఫై మూడవ అధ్యాయంలో భార్య వ్యభిచారాన్ని చూసీ చూడనట్టు ఉండే భర్త వేళ్ల సందునుంచి చూస్తుంటాడు.

ఈ మూడింటిలోనూ చూపు చెడడం ఉందని గమనించండి. చదవని కళ్లకు పెట్టుకున్న అద్దాలు, మన్మథుడి గంతలు, భర్త వేళ్ల సందు. న్యాయదేవత గంతలను ఈ వరుసలో పెట్టి చూస్తే అవి ఎంత మాత్రం గౌరవ చిహ్నం కావు. ఆ విషయంలో నల్లసిరా గారితో నాకు పూర్తి ఏకీభావం ఉంది.

కాని ఆమె తల మీద టోపీ లేదు. బాంబెర్గ్ బొమ్మలో న్యాయనిర్ణేతలకు టోపీలు ఉన్నాయి. ఈ తేడా చిన్నది కాదు. 1507 నాటి చిత్రకారుడికి న్యాయపీఠాన్నే నిందించాలని అనిపించింది, అందుకే టోపీని పీఠం మీదికి ఎక్కించాడు. బాసెల్ చిత్రకారుడు ఆ పని చేయలేదు. ఒక బొమ్మ అర్థాన్ని మరొక బొమ్మకు అంటగట్టడానికి ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.

గోదావరిగట్టు:

పెద్దలందరికీ నమస్కారం. ఈ బొమ్మలు గీసింది ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అని ఒకచోట చదివాను. అది నిజమైతే ఆయన ఉద్దేశం ఏమిటో తెలుసుకుంటే సరిపోదా?

చిత్రరేఖ:

గోదావరిగట్టు గారు, ఆ బొమ్మల మీద సంతకం లేదు. సుమారు మూడింట రెండు వంతుల బొమ్మలు డ్యూరర్‌వేనని ఎక్కువమంది పండితులు శైలినిబట్టి అంగీకరిస్తారు. న్యాయదేవత బొమ్మను కూడా సాధారణంగా ఆయన ఖాతాలోనే వేస్తారు. మిగిలినవి వేరే చేతులవి. డ్యూరర్ 1471లో న్యూరెంబర్గ్‌లో పుట్టి, చిత్రకారుడిగా శిక్షణ ముగించుకుని ఊళ్లు తిరుగుతూ ఆ రోజుల్లో బాసెల్‌లో ఉన్నాడనడానికి గట్టి ఆధారం ఉంది. 1492లో అక్కడ అచ్చయిన సెయింట్ జెరోమ్ బొమ్మ తాలూకు కొయ్య దిమ్మె ఇప్పటికీ బాసెల్ మ్యూజియంలో ఉంది, దాని వెనక ఆయన పేరు రాసి ఉంది. కాని 22 ఏళ్ల ఆ యువకుడు న్యాయస్థానాల గురించి ఏమనుకున్నాడో చెప్పే రాత ఒక్కటీ మనకు లేదు. ఉద్దేశాన్ని బొమ్మలోనే వెతకాలి.

అచ్చుదిమ్మె:

మాది పెడన. మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ బట్టల మీద కొయ్య అచ్చులతో ముద్రలు వేస్తున్నాం. జర్మన్ చరిత్ర నాకు అంతగా తెలియదు గాని, ఈ పని లోపలినుంచి కొంత తెలుసు కాబట్టి రెండు మాటలు చెబుతాను.

ఈ బొమ్మల్లో సిరా అంటేది దిమ్మె మీద పైకి నిలిచిన గీతలకే. చుట్టూ ఉన్న కొయ్యను చెక్కి తీసేస్తారు. మా అచ్చుల్లోనూ అంతే. గీసినవాడు ఒకడు, చెక్కినవాడు మరొకడు కావడం ఆ రోజుల్లో అక్కడ మామూలు. ఈ చర్చకు పనికివచ్చే సంగతి ఏమిటంటే, లోహపు అక్షరాలు కూడా పైకి నిలిచే ఉంటాయి కాబట్టి, దిమ్మెనూ అక్షరాలనూ ఒకే చట్రంలో బిగించి ఒకే ఒత్తుడుతో అచ్చువేయవచ్చు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు ఈ వీలు లేదు, దానికి వేరే యంత్రం కావాలి. అంటే ఆ సూక్తీ, ఆ బొమ్మా కాగితం మీద ఒకే క్షణంలో పుట్టాయి. పాతప్లీడరు గారు చెప్పిన మూడు పంక్తులను బొమ్మనుంచి విడదీసి చదవమనడం ఆ పేజీని తయారుచేసినవారి పనికి న్యాయం కాదని నాకు అనిపిస్తుంది. పైగా ఆ పుస్తకం పేజీలు చూస్తే చాలా అధ్యాయాలు 34 పంక్తులో 94 పంక్తులో ఉండి, రెండు పేజీల్లోనో నాలుగు పేజీల్లోనో సరిగ్గా ఇమిడిపోతాయట. పంక్తులు లెక్కపెట్టి పేజీని కూర్చిన మనిషి బొమ్మను మాత్రం దాని ఇష్టానికి వదిలేశాడని నేను నమ్మలేను.

నల్లసిరా:

అచ్చుదిమ్మె గారు చెప్పింది నాకు ఎంతో విలువైన సంగతి. అయినా ఆ దిమ్మెకు మరో గుణం కూడా ఉంది, అది నా వాదానికి పనికివస్తుంది. దిమ్మెను చట్రంనుంచి విప్పి మరో పాఠం పక్కన బిగించవచ్చు. 1497లో యాకోబ్ లోఖర్ ఈ గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చినప్పుడు బెర్గ్‌మన్ అవే దిమ్మెలతో అచ్చువేశాడు. లోఖర్ మాటకు మాట అనువదించలేదు, తగ్గించాడు, మార్చాడు. ఫ్రెంచ్, ఇంగ్లిష్ అనువాదాలు ఆ లాటిన్ దారినే వచ్చాయి. అంతకుముందే, 1494లోనే, న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్, రాయిట్లింగెన్, స్ట్రాస్‌బర్గ్ ముద్రాపకులు బొమ్మలకు నకళ్లు చెక్కించి అనుమతి లేకుండా పుస్తకాన్ని అచ్చువేసుకున్నారు. స్ట్రాస్‌బర్గ్ ప్రతిలో బ్రాంట్ రాయని పంక్తులు కూడా చేరాయి. ఆయన 1499 ముద్రణలో దీనికి పద్యరూపంలోనే నిరసన తెలిపాడు. 1512లో థామస్ ముర్నర్ తన మూర్ఖుల గ్రంథానికి ఈ బొమ్మలనే చాలావరకు తిరిగి వాడుకుని, వాటి కింద తన పద్యాలు రాసుకున్నాడు. పద్యం మారుతూ వచ్చింది, బొమ్మ నిలిచింది.

బ్రాంట్‌కు కూడా ఈ సంగతి తెలుసు. చదవడం రానివాడు తన స్వరూపాన్ని బొమ్మలో చూసుకోవచ్చునని ఆయనే తన ముందుమాటలో రాశాడు. కాబట్టి చదవనివాడికి ఆ బొమ్మ ఏమి చెప్పిందన్నది పక్కకు నెట్టదగిన ప్రశ్న కాదు, రచయితే ఒప్పుకున్న ప్రశ్న.

ఇక టోపీ సంగతి. చిత్రరేఖ గారి పరిశీలన నిశితంగా ఉంది, కాని న్యాయదేవత మనిషి కాదు. ఆమె ఒక భావం. భావానికి మూర్ఖత్వం అంటదు, అందుకే టోపీ లేదు. ఆ భావాన్ని అమలు చేసే మనుషుల సంగతి బ్రాంట్ రెండవ అధ్యాయంలోనే చెప్పాడు. సభలో కూర్చోవాలని ఉబలాటపడేవారు ఎందరో ఉన్నారు గాని వారికి న్యాయం గురించి ఏమీ తెలియదు, గోడలు తడుముకుంటూ గుడ్డిగా నడుస్తారు అంటాడక్కడ. గుడ్డితనం అనే ఉపమానాన్ని ఆయన మొదట వాడింది వ్యాజ్యగాళ్ల మీద కాదు, తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవారి మీద. పాతప్లీడరు గారు చెప్పిన పద్యంలో కూడా వాదకుల మాటలకు మోసపోతున్న న్యాయమూర్తి ఉన్నాడు. మోసపోయే న్యాయమూర్తికి ఆ పద్యం ఎక్కడా క్షమాపణ ఇవ్వలేదు. కళ్లు కడుతుంటే చేతిలో కత్తి ఉండి కూడా కదలని ఆ స్త్రీమూర్తిని చూసినప్పుడు నాకు గుర్తుకువచ్చేది ఆ న్యాయమూర్తే.

తుంగభద్ర:

ఇంతసేపూ వాదన న్యాయస్థానమా వ్యాజ్యగాడా అన్న చోటే తిరుగుతోంది. నాకు అంతకంటే పెద్ద అసంతృప్తి ఉంది. ఇలాంటి నీతి వ్యంగ్యం ఎవరినీ పేరు పెట్టి అనదు. అందరికీ ఒకే టోపీ పెడుతుంది. అందరూ మూర్ఖులే అన్నప్పుడు అధికారంలో ఉన్న మూర్ఖుడు ఊపిరి పీల్చుకుంటాడు, ఎందుకంటే అతని తప్పూ అతని చేత దెబ్బతిన్నవాడి తప్పూ ఒకే తూకంలో పడతాయి.

ఆ కాలాన్ని చూడండి. 1493లో, ఈ పుస్తకం రావడానికి ఒక ఏడాది ముందు, బ్రాంట్ పుట్టిన ఆల్సాస్ ప్రాంతంలోనే ష్లెట్‌స్టాట్ దగ్గర రైతులూ పట్టణ పేదలూ రహస్యంగా కూడి ‘బుండ్‌షూ’ అనే తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. తోలుపట్టీలతో బిగించి కట్టుకునే రైతు చెప్పు వారి గుర్తు. వారి కోరికలలో ముఖ్యమైనవి చర్చి న్యాయస్థానం అధికారాన్నీ, రాట్‌వైల్‌లోని సామ్రాజ్య న్యాయస్థానం అధికారాన్నీ తమ మీదనుంచి తొలగించమనడం. దూరాన ఉన్న కోర్టులకు ఈడ్చుకుపోబడి, అప్పుల కింద నలిగిపోయిన మనుషుల కోరిక అది. ఆ కుట్ర బయటపడింది, నాయకులకు మరణశిక్షలు పడ్డాయి. ఆ మరుసటి ఏడాది బాసెల్‌లో ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు, కోర్టుకెక్కేవాడు మూర్ఖుడు అని పద్యం రాశాడు. కోర్టుకు ఎక్కిందెవరు, ఎక్కించబడిందెవరు అన్న ప్రశ్న ఆ పద్యంలో లేదు, బొమ్మలోనూ లేదు. గుడ్డ కడుతున్న ఆ మూర్ఖుడు రైతా, వర్తకుడా, ప్రభువా? టోపీ అతని గుర్తింపునంతా కప్పేసింది.

82వ అధ్యాయం చూస్తే బ్రాంట్ ఎటువైపు నిలబడ్డాడో అర్థమవుతుంది. రైతులకు ఇప్పుడు ముతకబట్ట నచ్చడం లేదనీ, దూరదేశపు ఖరీదైన బట్టలు కట్టి అప్పులపాలవుతున్నారనీ ఆయన ఫిర్యాదు. వ్యంగ్యం దెబ్బ తగలవలసిన చోట తగిలితే ఎలా ఉంటుందో చూడాలంటే 1521కి రావాలి. విట్టెన్‌బర్గ్‌లో లూకాస్ క్రానాఖ్ బొమ్మలతో వచ్చిన చిన్న పుస్తకంలో 13 జంటలు ఉన్నాయి, ప్రతి జంటలోనూ ఒక పేజీలో క్రీస్తు, ఎదురు పేజీలో పోపు. క్రీస్తు శిష్యుల పాదాలు కడుగుతాడు, పోపు తన పాదాలను రాజుల చేత ముద్దు పెట్టించుకుంటాడు. అక్కడ ఎవరిని అంటున్నారో అడగవలసిన పనిలేదు.

పాతప్లీడరు:

తుంగభద్ర గారి ఆవేదన నాకు అర్థమవుతోంది, బుండ్‌షూ సంగతి ఈ చర్చలోకి తెచ్చినందుకు కృతజ్ఞతలు. కాని రెండు విషయాలు ఒప్పుకోలేను.

మొదటిది, క్రానాఖ్ పుస్తకం నీతి వ్యంగ్యం కాదు, పక్షం వహించిన పోరాట పత్రం. దానికి దాని గౌరవం ఉంది. అయితే దాన్ని చూసినవాడు ఎదుటివాడి తప్పు చూస్తాడు గాని తన తప్పు చూడడు. బ్రాంట్ తన పుస్తకాన్ని మూర్ఖుల అద్దం అన్నాడు. అద్దంలో ముందు కనిపించేది చూస్తున్నవాడి ముఖమే. పోపును తిట్టే పుస్తకాన్ని చదివి మారవలసిన అవసరం పోపుకు తప్ప ఎవరికీ రాదు.

రెండవది, ఆ అధ్యాయంలో అందరికంటే పెద్ద దెబ్బ తిన్నది నా వృత్తివారు. ఒక న్యాయవాది తన వృత్తి పొట్టనింపుకునే తీరును అంత నిర్దాక్షిణ్యంగా రాసిన పద్యాలు ఎన్ని ఉన్నాయి? వాయిదాలు పెంచి భత్యం పెంచుకునే వారి గురించి ఆయన రాసిన మాటలను నేను నా జూనియర్లకు చదివి వినిపించేవాడిని. పైగా ఒక మతాధికారికి ఒకేసారి అనేక చర్చి పదవుల ఆదాయం కట్టబెట్టడాన్ని ఖండించే అధ్యాయం కూడా ఇదే పుస్తకంలో ఉంది. ఆయన కింది వారిని మాత్రమే కొట్టాడనడం సరికాదు.

తుంగభద్ర:

న్యాయవాదులను కొట్టాడని ఒప్పుకుంటాను. కాని ఆ దెబ్బ పద్యంలో ఉంది, బొమ్మలో లేదు. బొమ్మలో వాదకుడు లేడు, ఫీజు సంచి లేదు, వాయిదా కాగితం లేదు. చదవడం రాని బుండ్‌షూ రైతుకు, నల్లసిరా గారు చెప్పిన ఆ ముందుమాట ప్రకారం, మిగిలింది బొమ్మే. ఆ బొమ్మ అతనికి చెప్పింది, న్యాయాన్ని గుడ్డిదాన్ని చేస్తున్నది నీలాంటి మూర్ఖుడేనని. ఇది చిత్రకారుడు కావాలని చేశాడని నేననను. అందరికీ ఒకే టోపీ పెట్టే పద్ధతిలోనే ఆ ప్రమాదం ఉందంటున్నాను.

గోదావరిగట్టు:

చదవడం రాని రైతు చేతికి ఆ పుస్తకం నిజంగా వచ్చి ఉంటుందా? అప్పటి పుస్తకాలు అంత చవకా?

చిత్రరేఖ:

మంచి ప్రశ్న. బొమ్మలున్న అచ్చు పుస్తకం కూలివాడు కొనుక్కునే వస్తువు కాదు. కొన్నవారు ఎక్కువగా పట్టణాల్లోని చదువుకున్నవారే అయి ఉంటారు. కాని ఈ పుస్తకం పేజీల్లోనే ఉండిపోలేదు. స్ట్రాస్‌బర్గ్ పెద్ద చర్చిలో ప్రసంగాలు చేసే గైలర్ అనే మతబోధకుడు 1498, 1499 సంవత్సరాలలో ఈ గ్రంథం మీదనే వరుసగా ప్రసంగాలు చేశాడు. వాటిని వినడానికి చదువు అక్కరలేదు. అలా మూర్ఖుల వరుస చదవనివారి చెవులకు కూడా చేరింది. అయితే చెవులకు చేరింది బోధకుడి వ్యాఖ్యానంతో పాటు చేరింది. కాబట్టి పద్యం లేకుండా, మాట లేకుండా, బొమ్మను ఒంటరిగా చూసిన రైతు అనే మనిషిని నల్లసిరా గారూ తుంగభద్ర గారూ ఇద్దరూ తమ తమ వాదాలకు కొంచెం ఎక్కువగా వాడుకుంటున్నారని నా అభిప్రాయం.

ఇక్కడ మరో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ బొమ్మలోని నింద యాభై ఏళ్లు కూడా నిలవలేదు. 1543లో బెర్న్ నగరంలో హాన్స్ గీంగ్ అనే శిల్పి న్యాయదేవత విగ్రహంతో ఒక నీటి ధార కట్టాడు. ఆమె కళ్లకు గంతలు ఉన్నాయి, చేతుల్లో కత్తీ త్రాసూ ఉన్నాయి. కట్టిన మూర్ఖుడు మాత్రం లేడు. ఆమె పాదాల దగ్గర పోపు, చక్రవర్తి, సుల్తాను, నగరాధ్యక్షుడు చిన్న చిన్న బొమ్మలుగా ఉన్నారు. ఎంతటి అధికారమైనా ఆమె కింద సమానమే, ఆమె ఎవరి ముఖమూ చూడదు అని అర్థం. పూర్వం ఈజిప్టులోని థీబ్స్ నగరంలో న్యాయమూర్తుల విగ్రహాలకు చేతులు లేవనీ, ప్రధాన న్యాయమూర్తి విగ్రహానికి కళ్లు మూసి ఉండేవనీ ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన మాట ఆ రోజుల్లో పండితులకు మళ్లీ అందుబాటులోకి వచ్చింది. లంచం పుచ్చుకోవడానికి చేతులు ఉండకూడదు, ముఖం చూసి కరగడానికి కళ్లు ఉండకూడదు అన్న ఆ భావం గంతలకు గౌరవం తెచ్చిపెట్టి ఉంటుంది.

తుంగభద్ర గారు అధికారాన్ని పేరు పెట్టి అనడం గురించి అడిగారు. నాకు తెలిసినంతలో ఆ పని బెర్న్ శిల్పం చేసింది, అదీ వ్యంగ్యం లేకుండా. మూర్ఖుణ్ణి తీసివేసి, అతని చోట చక్రవర్తిని పాదాల దగ్గర కూర్చోబెట్టింది.

నల్లసిరా:

చిత్రరేఖ గారు చెప్పిన ఆ మార్పు నాకు సంతోషం కంటే ఎక్కువ దిగులు కలిగిస్తోంది. గంతలు నిలబడి, వాటిని కట్టిన చేయి మాయమైతే, ఎవరైనా కట్టగలరన్న హెచ్చరిక కూడా దానితో పోయింది. బాసెల్ బొమ్మలో గంతలు ఒక పని: ఇప్పుడే జరుగుతున్న పని, ఇంకా ముడి పడని పని, ఆపగల పని. బెర్న్‌లో అవి ఆభరణమయ్యాయి. మన గ్రంథాలయంలోని కొత్త విగ్రహానికి వాటిని తొలగించినవారు బ్రాంట్‌ను తలచుకుని తొలగించి ఉండకపోవచ్చు. అయినా న్యాయం కళ్లు తెరిచి ఉండాలన్న మాట 1494లోనే ఒక బొమ్మ చెప్పిందని నేను ఇప్పటికీ అంటాను. నింద న్యాయస్థానం మీద పూర్తిగా కాకపోయినా, కళ్లు కట్టించుకుంటూ కూర్చున్నంత మేర ఉందన్న మాటను నేను వదులుకోవడం లేదు.

పాతప్లీడరు:

ముడి ఇంకా పడలేదన్నారు, అది నిజంగా బాగా చూశారు. అయితే ఆ ముడి వేస్తున్న చేయి ఎవరిదో చూడమనే నేను మొదటినుంచీ అడుగుతున్నది. కోర్టు హాలులో బల్లకు అటువైపు కూర్చున్నవారి కంటే ఇటువైపు నిలబడ్డవారే ఆ ముడిని ఎక్కువసార్లు వేయడం నేను నా వృత్తిలో చూశాను. ఇటువైపు అన్న మాటలో నా వృత్తివారిని కూడా కలుపుతున్నాను, బ్రాంట్ కలిపాడు కాబట్టి.

తుంగభద్ర:

ఆ బల్లకు ఇటువైపు ఇష్టపడి వచ్చినవారినీ, సమను పంపి లాక్కొచ్చినవారినీ వేరుచేసి చూపే బొమ్మ ఆ పుస్తకంలో 112 అధ్యాయాలలో ఎక్కడైనా ఉంటే దయచేసి అధ్యాయం సంఖ్య చెప్పండి. నేను వెతికాను, నాకు కనిపించలేదు. కనిపిస్తే నా వాదాన్ని ఆ బొమ్మను ముందు పెట్టుకుని మళ్లీ ఆలోచిస్తాను.